తల వెనుక నొప్పి, ఎడమకు తిరిగిన నాలుక, 'నార్మల్' అన్న ఎమ్మారై: ఒక కేస్ స్టడీ

తల వెనుక ఒక పక్కన మొదలైన నొప్పి. కొన్ని వారాలకు అదే పక్కకు తిరిగిన నాలుక. ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించాయంటే వెతకాల్సిన చోటు బొటనవేలి కొసంత ఎముక: పుర్రె అడుగున, తలను మెడ మీద నిలిపే ఆక్సిపిటల్ కాండైల్. ఆ ఎముకను సరిగ్గా చూసేసరికి ఈ రోగి విషయంలో తొమ్మిది వారాలు పట్టింది. అప్పటికే తీసిన స్కానులో జవాబు ఉంది, ఎవరూ అక్కడ వెతకలేదు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాం. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం, కాలక్రమం మాత్రం మార్చలేదు.

నేపథ్యం

అరవై దాటిన పురుషుడు. చాలాకాలంగా బీపీ ఉంది, ఒక్క మాత్రతో అదుపులో ఉంటోంది. షుగర్ లేదు. పొగ తాగడం ఎప్పుడో మానేశారు. మెడకు, తలకు దెబ్బలు తగల్లేదు. పూర్తి మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్ ఏదీ ఈ మధ్య జరగలేదు. మెడకు రేడియేషన్ తీసుకున్న చరిత్ర లేదు. ఫైలులో ఎక్కడా క్యాన్సర్ అన్న మాట లేదు. కథ పక్కదారి పట్టింది దీనివల్లే. క్యాన్సర్ ఉందని ముందే తెలిసిన మనిషికి తల వెనుక కొత్తగా నొప్పి వస్తే ఎవరైనా ఎముకను అనుమానిస్తారు. తెలియని మనిషికి మెడ అరుగుదల అంటారు.

ఇక్కడ జరిగింది అదే. ఎడమ చెవి వెనుక ఉబ్బెత్తు ఎముకకు, మెడకు మధ్య లోతుగా సలిపే నొప్పి. పగలు కాస్త ఓర్చుకోగలిగినా రాత్రి పడుకుంటే పెరిగేది. తల కుడివైపు తిప్పితే పొడిచినట్టు అయ్యేది, ఎడమవైపు తిప్పితే కొంత నయం. మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించింది. ఈ వయసులో అది కనిపించని ఎక్స్‌రే అరుదు, కాబట్టి దానితో ఏదీ తేలినట్టు కాదు. నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. మూడో వారంలో ఆక్సిపిటల్ న్యూరాల్జియా అనుకుని తల వెనుక నరానికి లిగ్నోకైన్, స్టెరాయిడ్ కలిపి ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు రోజులు హాయిగా ఉంది, ఐదో రోజు మళ్లీ మొదలైంది.

ఆ నాలుగు రోజుల ఉపశమనమే రోగ నిర్ధారణ సరైనదన్న నమ్మకం కలిగించింది. నిజానికి ఆ ఇంజెక్షన్‌తో ఆ ప్రాంతం మొద్దుబారుతుంది, నొప్పి ఎక్కడి నుంచి పుట్టినా కొంత తగ్గుతుంది. న్యూరాల్జియా నొప్పి సాధారణంగా కరెంటు షాకులా క్షణాల్లో వచ్చిపోతుంది. ఈయనది రాత్రింబగళ్లు ఆగని సలుపు. తేడా చరిత్రలోనే ఉంది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఐదో వారం చివర్లో మాట మారింది. "నాన్న మాట ముద్దగా వస్తోంది డాక్టర్‌గారూ, పన్ను పీకించుకున్నాక ఇలా అయిందనుకున్నాం" అన్నది కూతురు. ఆయన చెప్పింది ఇంకా పనికొచ్చే మాట: "నోట్లో ముద్ద ఎడమ దవడ పక్కనే ఉండిపోతోందండీ. నాలుకతో బయటికి తోయలేకపోతున్నా, వేలు పెట్టి తీసుకోవాల్సి వస్తోంది." రెండుసార్లు నాలుక ఎడమ అంచు కొరుక్కున్నారు కూడా.

అంతకుముందు చూసిన చోట నాలుక ఎడమ సగం వాచిందని, కణితి ఉందేమో చూడమని రాశారు. ఈ పొరపాటు జరగడం సహజం. నాలుకను కదిలించే నరం దెబ్బతిన్న తొలి వారాల్లో ఆ సగం సన్నబడదు. కండర పటుత్వం పోయి వదులుగా వేలాడుతుంది, నీరు చేరి ఉబ్బుగా కనిపిస్తుంది. పడుకుంటే గొంతు వైపు జారుతుంది. స్కానులో సైతం నాలుక మూలంలో గడ్డ ఉన్నట్టే భ్రమపెడుతుంది. ఈఎన్‌టీ వారు ఎండోస్కోపీతో చూశారు, వేలితో తడిమారు. గడ్డ లేదు.

నాలుకను పరీక్షించిన తీరు

నాలుకను బయటికి చాపమనే ముందు నోరు తెరిపించి, నాలుకను నోటి అడుగున వదిలేయమని చెప్పి ఒక నిమిషం ఊరికే చూడాలి. చాపిన నాలుక ఆరోగ్యవంతుల్లోనూ వణుకుతుంది, ఆ వణుకును కండర అదురు అని పొరబడతాం. ఈయన నాలుక ఎడమ సగంలో, పై పొర కింద పురుగులు కదులుతున్నట్టు సన్నటి అదురు ఆగకుండా కనిపించింది. అంచు దగ్గర రెండు ముడతలు అప్పుడే పడుతున్నాయి. కుడి సగం నున్నగా, నిశ్చలంగా ఉంది. నోటిలో ఉన్నప్పుడు కొస కాస్త కుడికి ఒరిగి ఉంది. చాపమనగానే ఎడమకు తిరిగింది.

కొత్తవారు తికమకపడేది ఇక్కడే. నాలుకను ముందుకు తోసేది జీనియోగ్లోసస్ కండరం. ఎడమది తోసేటప్పుడు కొసను కుడికి నెడుతుంది, కుడిది ఎడమకు. రెండూ సమానంగా తోస్తే నాలుక నిటారుగా వస్తుంది. ఎడమది పడిపోతే కుడిదాని బలానికి కొస ఎడమకు, అంటే జబ్బు ఉన్న పక్కకు పోతుంది. నోటి లోపల ఉన్నప్పుడు వెనక్కి లాగే స్టైలోగ్లోసస్‌ది పైచేయి, అందుకే ఒరుగు తారుమారైంది. బలం చూడటానికి నాలుకతో బుగ్గను లోపలి నుంచి తోయించి బయట వేలితో అడ్డుపెట్టాలి. ఈయన ఎడమ బుగ్గను బాగా తోయగలిగారు, కుడి బుగ్గను తోయలేకపోయారు. అంటే ఎడమ కండరం బలహీనం.

నాలుక ఎటు తిరిగిందో తేల్చేటప్పుడు పెదాలను కొలమానంగా పెట్టుకోకూడదు. ముఖం ఒక పక్క బలహీనంగా ఉంటే పెదవి వంకరపోయి, నిటారుగా వచ్చిన నాలుక కూడా తిరిగినట్టు అనిపిస్తుంది. పై ముందు పళ్ల మధ్య గీతను చూసుకోవాలి.

మాటలో 'పపప', 'కకక' స్పష్టంగానే వచ్చాయి. 'టటట', 'లలల' మందగించాయి. 'ళ', 'ణ' పలకమంటే కొస పైకి మడవలేక రెండూ 'ల', 'న' దగ్గరే ఆగిపోయాయి. మన భాష మాట్లాడేవారికి ఇది మంచం పక్కనే చేయగల చక్కటి పరీక్ష.

ఇక మిగతావి. గొంతు బొంగురు లేదు. కొండనాలుక మధ్యలోనే ఉంది, 'ఆ' అంటే అంగిలి రెండు పక్కలా సమానంగా లేచింది. తల తిప్పే కండరం, భుజం ఎగరేసే కండరం రెండు వైపులా గట్టిగా ఉన్నాయి. ఎడమ కనురెప్ప వాలలేదు, కంటిపాపలు సమానం. కాళ్లూ చేతుల బలం, స్పర్శ, బొటనవేలి స్థానజ్ఞానం (కళ్లు మూసుకున్నా వేలు ఎటుందో చెప్పగలగడం) అన్నీ మామూలు. చెవిలో గుండె చప్పుడుతో కలిసి మోగే హోరు లేదు. ఎడమ చెవి వెనుక ఎముకకు దిగువన వేలితో నొక్కితే మాత్రం నొప్పితో ఉలిక్కిపడ్డారు.

నరం దారి వెంట ఆలోచన

పన్నెండో కపాల నరం (నాలుకను కదిలించే హైపోగ్లోసల్ నరం) దెబ్బతిన్నప్పుడు కారణాల జాబితా బట్టీపట్టడం కంటే ఆ నరం నడిచే దారి వెంట నడవడం మేలు. మెదడు కాండం అడుగు భాగమైన మెడుల్లాలో మధ్యగీతకు ఆనుకుని, నాలుగో వెంట్రికిల్ (మెదడులోని ద్రవపు గది) నేల కింద దీని కేంద్రకం ఉంటుంది. అక్కడి నుంచి పీచులు ముందుకు వచ్చి, పిరమిడ్, ఆలివ్ అనే రెండు ఉబ్బెత్తుల మధ్య గాడిలోంచి బయటపడతాయి. కాస్త దూరం మెదడు చుట్టూ ఉండే ద్రవంలో సాగి, ఆక్సిపిటల్ కాండైల్ పైనున్న తన సొంత ఎముక సొరంగంలోకి దూరతాయి. సొరంగం దాటాక నరం మెడలోని కరోటిడ్ (ధమని), జుగులార్ (సిర) నాళాల పక్కన, మింగడం, గొంతు, భుజం చూసే తొమ్మిది, పది, పదకొండో నరాలతో కలిసి కిందికి దిగుతుంది. దవడ మూల దగ్గర మలుపు తిరిగి, బయటి కరోటిడ్‌ను దాటి, దవడ కింది గ్రంథి లోపలి పక్కగా నాలుకలోకి చేరుతుంది. నాలుక కండరాల్లో పాలటోగ్లోసస్ ఒక్కటి తప్ప అన్నీ దీని పోషణలోనే ఉన్నాయి.

కేంద్రకం దగ్గర స్ట్రోక్ అయితే పక్కనే ఉన్న, కాళ్లూ చేతులను కదిలించే పీచులుండే పిరమిడ్ కూడా పోతుంది, ఎదుటి కాలూ చేయీ పడిపోతాయి, స్థానజ్ఞానం పోతుంది. ఈయనకు అవి లేవు. సిరింగోబల్బియా (మెదడు కాండంలో ద్రవం నిండిన తిత్తి), మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా నశించే జబ్బు) కూడా అక్కడివే. అయితే రెండు కేంద్రకాలూ పక్కపక్కనే ఉండటం వల్ల మోటార్ న్యూరాన్ జబ్బులో అదురు సాధారణంగా రెండు సగాల్లోనూ ఉంటుంది, పైగా నొప్పి ఉండదు. ద్రవంలో నడిచే చోట మెనింజియోమా (మెదడు పొర కణితి), ఉబ్బిన వెర్టిబ్రల్ ధమని, మెనింజెస్‌కు (మెదడు పొరలకు) పాకిన క్యాన్సర్ లేదా టీబీ నరాన్ని నొక్కవచ్చు. సొరంగంలో ష్వానోమా (నరం తొడుగు కణితి), పక్క కీలు నుంచి పొడుచుకొచ్చిన తిత్తి, డ్యూరల్ ఫిస్టులా (మెదడు పొరలో ధమని నేరుగా సిరలోకి తెరుచుకోవడం), కాండైల్ విరగడం, ఎముకకు పాకిన క్యాన్సర్, మైలోమా (ఎముక మజ్జ క్యాన్సర్) ఉంటాయి. షుగర్ రోగుల్లో చెవి నుంచి పుర్రె అడుగుకు పాకే ఇన్ఫెక్షన్ కూడా ఇక్కడికి రాగలదు. సొరంగం కింద కరోటిడ్ డిసెక్షన్ (ఆ ధమని గోడ లోపల చీలడం), పారాగాంగ్లియోమా (నాళాల పక్కన పెరిగే కణితి), ముక్కు వెనుక గొంతు క్యాన్సర్. ఇక్కడ పక్క నరాలు, కనురెప్పను, కంటిపాపను చూసే సింపథెటిక్ నరం అందుబాటులో ఉంటాయి కాబట్టి గొంతు బొంగురు గానీ రెప్ప వాలడం గానీ తరచూ తోడవుతుంది. దవడ కింద అయితే కరోటిడ్ ఆపరేషన్, శ్వాస గొట్టం ఒత్తిడి, ఎన్నో ఏళ్ల క్రితం తీసుకున్న రేడియేషన్.

ఈ నరం ఎక్కువగా ఒంటరిగా దెబ్బతినే చోట్లు మూడు: ద్రవంలోని చిన్న ముక్క, ఎముక సొరంగం, దవడ కింది చివరి భాగం. వీటిలో తల వెనుక పక్కన, నొక్కితే పెరిగే నొప్పి ఏ చోటును చూపిస్తుంది? సొరంగాన్నే. ఈ వాక్యం మొదటి రోజే కేసు షీటులో రాసి ఉంటే ఈ కథ సగానికి తగ్గేది.

జేమ్స్ కీన్ 1996లో ప్రచురించిన 100 మంది పన్నెండో నరం రోగుల పరిశీలనలో దాదాపు సగం మందికి కారణం కణుతులే, వాటిలోనూ ఎక్కువ ప్రాణాంతక రకం. అంటే మధ్య వయసు దాటిన వ్యక్తిలో ఈ నరం పడిపోతే 'కారణం తెలియదు, అదే తగ్గుతుంది' అనే హక్కు చివరి దాకా మనకు లేదు. ముఖ నరానికి బెల్స్ పాల్సీ (కారణం తెలియకుండా ముఖం ఒక పక్క పడిపోవడం) ఎంత మామూలో, ఈ నరానికి ఆ రకం జబ్బు అంత అరుదు. ఒకదాని అలవాటు రెండోదానికి అంటగట్టడం వల్ల చాలా నష్టం జరుగుతోంది.

ఏం చేశారు, ఏది ఫలించలేదు

మొదటి రోజు జరిగిన మంచి నిర్ణయం ఒకటుంది. మెడ, తల నొప్పితో నాలుక పడిపోతే ముందు తోసిపుచ్చాల్సింది కరోటిడ్ డిసెక్షన్, ఎందుకంటే స్ట్రోక్ గంటల్లో రావచ్చు. మెడ నాళాల ఎమ్మారై యాంజియోతో పాటు టీ1 (కొవ్వు తెల్లగా కనిపించే ఎమ్మారై పద్ధతి) అడ్డకోతలు, కొవ్వు తెలుపును అణిచి, తీశారు. నాళం గోడలో చంద్రవంకలాంటి తెల్లటి రక్తపు గీత కనిపిస్తుందేమోనని చూశారు. లేదు.

అదే పూట మెదడు ఎమ్మారై కూడా తీశారు, కాంట్రాస్ట్‌తో. రిపోర్టు: నార్మల్. కోరిన పత్రంలో రాసింది 'మాట ముద్ద, స్ట్రోక్ ఉందా?' అని మాత్రమే. దానికి తగ్గట్టే 5 మి.మీ. మందం కోతలతో స్ట్రోక్ ప్రోటోకాల్ నడిచింది. మెడుల్లాలో స్ట్రోక్ లేదని తేలింది. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు సరైనదే.

నార్మల్ అనగానే 'ఇడియోపతిక్' (కారణం తెలియనిది) అని పేరు పెట్టి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 60 మి.గ్రా. రోజువారీ మొదలుపెట్టారు. మూడో రోజుకే నొప్పి సగానికి తగ్గింది. అందరికీ ఊరట. పది రోజులయ్యాక మందు తగ్గిస్తుంటే నొప్పి ముందుకంటే తీవ్రంగా తిరిగొచ్చింది, నాలుకలో రవ్వంత మార్పు లేదు.

ఈ దశ మీద మాకు గట్టి అభిప్రాయం ఉంది. స్టెరాయిడ్‌కు నొప్పి తగ్గడం రోగ నిర్ధారణ కాదు. ఎముకకు పాకిన క్యాన్సర్ చుట్టూ ఉండే వాపు స్టెరాయిడ్‌కు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. లింఫోమా అయితే గడ్డే కరిగి, తర్వాత తీసే బయాప్సీ ఏమీ చెప్పలేని స్థితికి వస్తుంది. పుర్రె అడుగు ఇన్ఫెక్షన్ అయితే మంట మీద నెయ్యి పోసినట్టే. చిత్రం స్పష్టం కాకుండా ఈ నరానికి స్టెరాయిడ్ మొదలుపెట్టడం వల్ల లాభం కంటే కోల్పోయేదే ఎక్కువ.

ఈలోగా మరో పక్కదారి. అదురు చూసి మోటార్ న్యూరాన్ జబ్బేమోనని కుటుంబానికి చెప్పారు. ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలు చూసే పరీక్ష) చేయించారు. కాళ్లూ చేతులూ మామూలు, నాలుక ఎడమ సగంలో మాత్రమే నరం దెబ్బతిన్న గుర్తులు. కుడి సగం శుభ్రం. ఆ పరీక్ష నరం దెబ్బతిందని చెప్పింది గానీ ఎక్కడ దెబ్బతిందో చెప్పలేదు. దాని అపాయింట్‌మెంటు కోసం పది రోజులు పోయాయి, ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

రెండోసారి చూసినప్పుడు

తొమ్మిదో వారం. కొత్త స్కాను కోరే ముందు పాత సీడీని రేడియాలజిస్టు పక్కన కూర్చుని తెరిచాం. ప్రశ్న మార్చి అడిగాం: ఎడమ కాండైల్ ఎలా ఉంది?

కాంట్రాస్ట్ ఇవ్వకముందు తీసిన టీ1 నిలువు కోతల్లో మధ్యగీత కోతనే అందరూ చూస్తారు. కాండైల్ మధ్యలో ఉండదు, పక్కన ఉంటుంది. మధ్యకోత నుంచి కుడికి జరిగితే కుడి కాండైల్ వెన్నలా తెల్లగా, నిండుగా కనిపించింది. ఈ వయసులో ఎముక మజ్జంతా కొవ్వే కాబట్టి టీ1లో తెల్లగానే ఉండాలి. అంతే దూరం ఎడమకు జరిగితే, ఉండాల్సిన తెలుపు స్థానంలో పలకలాంటి బూడిద రంగు. పక్కనున్న కండరంతో సమానమైన రంగు. రెండు కోతల్లో ఉంది. తొమ్మిది వారాల్లో మూడు వారాలుగా ఆ సీడీలోనే ఉంది.

కాంట్రాస్ట్ తర్వాత చిత్రంలో ఎందుకు తప్పిపోయింది? కొవ్వును అణచకుండా తీస్తే, కాంట్రాస్ట్ పీల్చుకున్న గడ్డ తెల్లబడి చుట్టుపక్కల కొవ్వు తెలుపులో కలిసిపోతుంది. కాంట్రాస్ట్ ఇచ్చాం కాబట్టి ఏదైనా ఉంటే వెలుగుతుందిలే అన్న ధీమా ఎముక విషయంలో తిరగబడుతుంది. పుర్రె అడుగులో కాంట్రాస్ట్ లేని టీ1 మొదటి సాక్షి, కాంట్రాస్ట్ ఇచ్చి కొవ్వును అణిచిన టీ1 రెండో సాక్షి. ఒక జాగ్రత్త: చిన్నవయసువారిలో, తీవ్ర రక్తహీనత ఉన్నవారిలో ఎర్రమజ్జ వల్ల రెండు పక్కలా ఎముక నల్లబడవచ్చు. అప్పుడు ఒక పక్కతో మరో పక్కను పోల్చాలి.

తర్వాత లక్ష్యం పెట్టుకుని మళ్లీ స్కాను చేయించాం. పుర్రె అడుగు నుంచి గొంతు ముందుండే హయాయిడ్ ఎముక దాకా, 3 మి.మీ. కోతలు. నరం పీచులను చూడటానికి అది ద్రవంలో సాగే చోటు (సిస్టెర్న్) మీదుగా 1 మి.మీ. కన్నా సన్నటి హెవీ టీ2 (నీరు తెల్లగా కనిపించే పద్ధతి) కోతలు. కిరీటపు కోతలు (ముఖానికి సమాంతరంగా తీసే కరోనల్ కోతలు) తప్పనిసరి, ఎందుకంటే ఆ కోణంలో జుగులార్ ట్యూబర్‌కిల్ (సొరంగం పైనున్న ఎముక బొడిపె), కాండైల్ కలిసి గద్ద తలలా కనిపిస్తాయి, గద్ద ముక్కు కింద ఖాళీయే మన సొరంగం. కుడి గద్ద చక్కగా ఉంది. ఎడమ గద్ద ముక్కు కింద ఖాళీ పూడుకుపోయి, కొవ్వు అణిచిన చిత్రంలో కాండైల్ మొత్తం వెలిగింది. నాలుక ఎడమ సగం టీ2లో తెల్లబడి ఉంది, అంటే నరం దెబ్బతిని వారాలే అయింది. నెలలు గడిస్తే నీరు పోయి కొవ్వు చేరేది, టీ1లోనే తెల్లగా కనిపించేది. కాలాన్ని అంచనా వేయడానికి ఇది మంచి ఆధారం.

ఎముక సీటీని 1 మి.మీ. కన్నా సన్నటి కోతలతో తీశాం. ఎడమ కాండైల్ తినేసినట్టు కాకుండా, సున్నం పట్టినట్టు గట్టిపడి చిక్కబడింది. సొరంగం లోపలి గోడ గరుకుగా ఉంది. మొదటి అనుమానం ప్రోస్టేట్ క్యాన్సర్ మీదికి పోవడానికి ఈ గట్టిపడటమే కారణం. మైలోమా, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎముకను సాధారణంగా కొరుకుతాయి. ప్రోస్టేట్ గట్టిపరుస్తుంది. సీటీ ఒక్కటే ఉండి ఉంటే ఈ చిక్కదనాన్ని కీలు అరుగుదల అని వదిలేసే ప్రమాదం ఉంది, టీ1 నలుపు దాన్ని ఆపింది.

అప్పుడు పాత రక్త పరీక్షలు తిరగేశాం. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కాలేయం, ఎముకల నుంచి వచ్చే ఎంజైము) 312, ఆ ల్యాబ్‌లో గరిష్ఠం 120. కాలేయం అనుకుని వదిలేశారు. కాలేయానికి సంబంధించిన జీజీటీ అనే ఎంజైము పరీక్ష చేయిస్తే మామూలుగా ఉంది, అంటే ఆ పెరుగుదల ఎముక నుంచే. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారని అడిగితే చెప్పారు, అడగకముందు చెప్పలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను సూచించే రక్త పరీక్ష పీఎస్‌ఏ 214, చాలా ఎక్కువ. దానితో ఆగకుండా సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరసిస్, కాల్షియం, సీఆర్‌పీ, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా పంపాం, ఒకే మనిషిలో రెండు జబ్బులు ఉండకూడదన్న నియమం లేదు. అవన్నీ మామూలు. బోన్ స్కానులో ఎడమ పుర్రె అడుగుతో పాటు రెండు పక్కటెముకలు, నడుము మూడో వెన్నుపూస, కటి ఎముక వెలిగాయి.

నడుములో సూది వేసి నీరు తీయాలా అన్న చర్చ వచ్చింది. ఒక్క నరమే, ఎముకలో కారణం కంటికి కనిపిస్తోంది, మెనింజెస్ మీద వెలుగు లేదు. వాయిదా వేశాం. బయాప్సీ కాండైల్ నుంచి తీయలేదు. వెర్టిబ్రల్ ధమని ఆనుకుని ఉంటుంది, నరం అదే గదిలో ఉంటుంది. తేలిగ్గా అందే చోటు ఉండగా కష్టమైన చోట సూది పెట్టడం అనవసరం. ప్రోస్టేట్ నుంచే తీశారు: అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్), గ్లీసన్ 4+4, అంటే దూకుడు ఎక్కువ ఉన్న రకం.

గ్రీన్‌బర్గ్ బృందం 1981లో పుర్రె అడుగుకు పాకిన క్యాన్సర్ ఉన్న 43 మంది రోగులను వివరిస్తూ ఐదు సిండ్రోములు చెప్పింది. వాటిలో ఒకటి ఆక్సిపిటల్ కాండైల్ సిండ్రోమ్: ఒక పక్క తల వెనుక నొప్పి, అదే పక్క పన్నెండో నరం లోపం. నొప్పి ముందు, నాలుక తర్వాత. మా రోగి కథ దీనికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

ఫలించిన చికిత్స

మెడ కదలిక మీద మొదట జాగ్రత్త పడ్డాం. తల బరువును మెడ మీద నిలిపేది కాండైల్ కీలే. అది జబ్బుపడిందని తెలిశాక మెడ లాగడం, విరవడం, ట్రాక్షన్ అన్నీ వద్దన్నాం. సీటీలో కీలు ఉపరితలం చెదరలేదని చూసేదాకా కాలర్ వేయించాం. ఫిజియోథెరపీలో ట్రాక్షన్ ఇంకా మొదలుపెట్టకపోవడం ఈయనకు కలిసొచ్చింది.

ప్రోస్టేట్ క్యాన్సర్‌ను అణచడానికి టెస్టోస్టిరాన్‌ను తగ్గించే హార్మోన్ చికిత్స ఎంపికలో ఒక మెలిక ఉంది. మామూలుగా వాడే జీఎన్ఆర్‌హెచ్ అగోనిస్టు ఇంజెక్షన్ మొదటి ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్‌ను పెంచి, ఆ తర్వాతే తగ్గిస్తుంది. ఇరుకు సొరంగంలో నరం నలుగుతుండగా గడ్డ కొద్దిగా ఉబ్బినా నష్టమే. అగోనిస్టు వాడాలంటే ముందు నుంచి బైకలుటమైడ్ ఇచ్చి టెస్టోస్టిరాన్ ప్రభావాన్ని అడ్డుకోవాలి. ఆంకాలజీ వారు ఆ దారి వదిలి నేరుగా డెగరెలిక్స్ ఇచ్చారు: మొదటి రోజు 240 మి.గ్రా. చర్మం కింద, రెండు సూదులుగా. తర్వాత 28 రోజులకోసారి 80 మి.గ్రా. దీనితో ఆ తొలి ఉప్పెన ఉండదు.

పుర్రె అడుగుకు రేడియేషన్ 30 గ్రే, పది విడతలుగా, రెండు వారాల్లో. ఆ రోజుల్లో డెక్సామెథసోన్ 4 మి.గ్రా. రెండు పూటలా, తర్వాత మెల్లగా తగ్గింపు. ఈసారి స్టెరాయిడ్ ఎందుకు ఇస్తున్నామో తెలిసి ఇచ్చాం. రక్తంలో చక్కెర చూస్తూ, కడుపుకు రక్షణ మందుతో.

మింగడం మీద స్పీచ్ థెరపిస్టు మొదటి వారమే పని మొదలుపెట్టారు. 90 మి.లీ. నీళ్లు ఆగకుండా తాగించి చూస్తే దగ్గు రాలేదు, గొంతు తడిబారలేదు. కాబట్టి గొట్టం అవసరం లేదు. తినేటప్పుడు తల కొద్దిగా కుడికి వంచమన్నారు, ముద్ద బరువుకే బలమైన పక్కకు జారేలా. ముద్దను కుడి దవడ మీదే పెట్టాలి. తిన్నాక ఎడమ బుగ్గ సందును నీళ్లతో పుక్కిలించాలి. నాలుక కొరుక్కుంటున్న పన్ను అంచును దంతవైద్యులు నున్నచేశారు. చిన్న పనే, కానీ ఆయనకు అందరికంటే ముందు ఊరటనిచ్చింది అదే.

నొప్పి రెండో వారం చివరికి పదిలో ఎనిమిది నుంచి రెండుకు దిగింది. ఆరు వారాలకు నొప్పి మాత్రలు ఆపేశారు. నాలుక విషయంలో ముందే నిజం చెప్పాం. నరం పీచులు పెరిగితే రోజుకు సుమారు 1 మి.మీ., పుర్రె అడుగు నుంచి నాలుక కొస దాకా దూరం తక్కువేం కాదు, మూడు నాలుగు నెలల ముందు ఆశపడొద్దు. ఆరో నెలలో అదురు ఆగింది, ఎడమ సగం సన్నబడింది, చాపితే ఇంకా ఎడమకే పోతుంది, కోణం కొంచెం తగ్గింది. మాట మాత్రం ఫోనులో అవతలివారికి అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది. 'ళ' ఇంకా రాలేదు. పీఎస్‌ఏ 1 కిందకు దిగింది. నరం పూర్తిగా కోలుకోకపోయినా క్యాన్సర్ అదుపులో ఉండటం ఇక్కడ పెద్ద లాభం.

ఈ కేసు మా పద్ధతిలో మార్చినవి

అరవై దాటినవారికి తల వెనుక ఒక పక్క కొత్త నొప్పి రాత్రిళ్లు పెరుగుతుంటే, మెడ ఎక్స్‌రేతో సంతృప్తి పడకుండా ప్రతిసారీ నాలుక చూస్తున్నాం. నొప్పి మొదలైన రోజు చూసి వదిలేయడం కాదు. కాండైల్ జబ్బులో నొప్పి ముందు వచ్చి నాలుక వారాల తర్వాత పడుతుంది, కాబట్టి రెండో, మూడో సందర్శనలోనే దొరుకుతుంది. పురుషుల్లో ప్రోస్టేట్, స్త్రీలలో రొమ్ము పరీక్ష అదే పూట. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉంటే కారణం తేలేదాకా ఆ కాగితం ఫైలులోకి పోదు.

నార్మల్ అని వచ్చిన ఎమ్మారైని ఇప్పుడు రెండు ప్రశ్నలతో తిరిగి చూస్తున్నాం. ఆ స్కాను ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీశారు? నరం దారిలో ఏ ముక్క ఆ కోతల్లో లేదు? మెదడు స్కాను తరచూ ఫోరామెన్ మాగ్నమ్ (పుర్రె అడుగున ఉండే పెద్ద రంధ్రం) దగ్గర ఆగుతుంది, దవడ మూల, నాలుక అడుగు అందులో ఉండవు. అన్ని ముక్కలూ చక్కగా తీసి, నిజంగా ఏమీ దొరకని రోగులు ఉంటారు. వారికి ఇడియోపతిక్ అని రాస్తాం, కానీ మూడు నెలలకు అదే ప్రోటోకాల్‌తో మళ్లీ తీస్తాం. నొప్పి ఉంటే అంతకంటే ముందే.

స్కాను కోరే పత్రంలో ఇప్పుడు 'మాట ముద్ద' అని రాయడం మానేశాం. ఇలా రాస్తున్నాం: 'ఎడమ పన్నెండో నరం, కింది స్థాయి (లోయర్ మోటార్ న్యూరాన్) లోపం, ఐదు వారాలుగా ఎడమ తల వెనుక నొప్పి. తొమ్మిది, పది, పదకొండు మామూలు. హైపోగ్లోసల్ సొరంగం, ఆక్సిపిటల్ కాండైల్ రెండు పక్కలా పోల్చి చూడగలరు. కాంట్రాస్ట్‌కు ముందు టీ1, తర్వాత కొవ్వు అణిచిన టీ1, కిరీటపు కోతలు, హయాయిడ్ దాకా.'